ఎడమచేతి యాపిల్

మా ఆవిడంటే నాకు ఈర్ష్య. ఉండేది అనడం లేదు, ఉంది అనే అంటున్నాను. డెబ్భై అయిదు దాటాయి, మోకాళ్ళు అరిగాయి, రెండు పూటలా బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. అదొక్కటీ తగ్గలేదు. పక్కింటివాడి కారు చూసి కుళ్ళుకునేవాణ్ణి లోకం నవ్వి వదిలేస్తుంది. కట్టుకున్న భార్య చేతిపని చూసి కడుపు మండేవాణ్ణి ఏమంటుందో నాకు తెలియదు. ఏమన్నా పడతాను, చేసింది చెప్పకుండా మాత్రం పోను.

డెబ్భైల చివర్లో మేం షికాగో దగ్గర అరోరాలో ఉండేవాళ్ళం. ఇద్దరమే. నేను కన్వేయర్లు తయారుచేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, రెండేళ్ళు తిరిగేసరికి చెకర్‌నయ్యాను. అంటే నేను గీయనక్కర్లేదు. మిగతావాళ్ళు గీసినవి నా బల్ల మీదికొస్తాయి, తప్పు ఎక్కడుంటే అక్కడ నీలం పెన్సిల్‌తో సున్నా చుడతాను. నా సున్నా పడిందంటే ఎంతటి ఇంజనీరైనా నోరు మూసుకుని వెనక్కెళ్ళి దిద్దుకురావాల్సిందే. తప్పులు పట్టడంలో నా అంతవాడు ఇల్లినాయ్ మొత్తంలో లేడని నాకు గట్టి నమ్మకం. పండక్కి ఎవరింటికి వెళ్ళినా గుమ్మానికి కట్టిన తోరణం ఏ పక్కకి వాలిందో చెప్పేవాణ్ణి. నన్ను పిలవడానికి జనం ఎందుకు జంకేవారో ఇప్పుడు అర్థమవుతోంది.

మా ఆవిడ బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. ఎనిమిది గంటలు నిలబడి, నెత్తిన వల కట్టుకుని, కదిలే బెల్టు మీంచి విరిగిన బిస్కెట్లు ఏరి పారెయ్యాలి. సాయంత్రానికి పాదాలు పొంగేవి. ఆ వెన్న వాసన జుట్టుకి పట్టి తలంటుకున్నా పోయేది కాదు. "బిస్కెట్ చూస్తే వాంతొస్తోందండీ" అనేది. అంటుందే గానీ మర్నాడు పొద్దున్నే లేచి వెళ్ళేది. ఇంకో పని దొరికితే చాలు, ఆ బెల్టు మొహం మళ్ళీ చూడనని ఎప్పుడూ ఆవిడ ఒకటే పాట.

మా కంపెనీలో మిషన్లు రిపేరు చేసి రిటైరైన ముసలాయన ఒకడుండేవాడు. భార్య పోయింది. ఇంటి బేస్‌మెంట్ నిండా పాత పిన్‌బాల్ మిషన్లు పెట్టుకుని, వాటికి ప్రాణం పోయడమే పనిగా బతికేవాడు. పిన్‌బాల్ తెలియనివాళ్ళకి చెప్పాలంటే, మంచం అంత వాలుబల్ల మీద, గాజు కింద, ఉక్కుగుండు దొర్లుతూ ఉంటుంది. గుండు కిందికి జారిపోకుండా రెండు మీటలు నొక్కుతూ ఆడాలి. గుండు వెళ్ళే దారుల పక్కన బల్బులు, ఆ బల్బుల మీద రంగుల బొమ్మలు అచ్చేసిన ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. బల్బు వెలిగితే బొమ్మ వెలుగుతుంది. ఇరవై ముప్ఫై ఏళ్ళు గుండు దెబ్బలు తిని, వేడికి వంగి, ఆ పలకలు విరిగిపోయేవి. తయారుచేసిన కంపెనీలు వాటి తయారీ ఎప్పుడో మానేశాయి. అసలు మిషన్ బాగున్నా పలకలు లేక బోసిగా ఉండేది.

ముసలాయన ఓ రోజు చెప్పులపెట్టెలో విరిగిన ముక్కలు వేసుకుని మా ఆఫీసుకి వచ్చాడు. ఇలాంటివి అచ్చేసే మనిషెవరైనా తెలుసా అని అందర్నీ అడుగుతున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. బెజవాడలో మా మేనమామ స్క్రీన్ ప్రింటింగ్ ప్రెస్సులో వేల శుభలేఖలు అచ్చేసినవాణ్ణి, ఇదెంత పని అన్నాను. ముసలాయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

పని చెప్పినంత తేలిక కాదు. ముందు విరిగిన ముక్కలు చూసి ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. తర్వాత ఒక్కో రంగుకీ ఒక్కో ఫిల్మ్ కొయ్యాలి. ఆ ఫిల్మ్‌కి రెండు పొరలుంటాయి. సన్నకత్తితో పైపొర తెగాలి, అడుగుపొర మీద గీత పడకూడదు. కోసిన ఫిల్మ్‌ని స్క్రీన్‌కి, అంటే చట్రానికి బిగించిన సన్నటి జాలీగుడ్డకి అంటించి, రబ్బరు పలకతో రంగు లాగి, ప్లాస్టిక్ మీద అచ్చెయ్యాలి. అదీ ముందువైపు కాదు, వెనకవైపు. గుండు తగిలి రంగు చెదరకూడదు కాబట్టి బొమ్మ ప్లాస్టిక్ వెనక దాక్కుంటుంది.

నేను రెండు శనివారాలు గరాజ్‌లో తలుపులేసుకుని కూర్చున్నాను. నా కత్తి రెండు పొరల్నీ కోసేసి కింద బల్లని కూడా కోసింది. ఎలాగో తంటాలుపడి ఒక పలక అచ్చేశాను. శుభలేఖలకి అలవాటుపడ్డ చెయ్యి కదా, మామూలుగా తెలుపు ముందు వేసి, దాని మీద రంగులేసి, చివర నల్లగీత వేశాను. ఆరాక పలక తిరగేసి చూస్తే ముందువైపు ఏమీ లేదు. తెల్లగా, పాలు పోసినట్టు, ఒట్టి తెలుపు. బొమ్మంతా ఆ తెలుపు వెనక చిక్కుకుపోయింది.

మా ఆవిడ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వు ఆపుకోవడానికి టీ తాగుతున్నట్టు నటించింది.

"వెనకనుంచి వేసేటప్పుడు ముందు కనపడాల్సింది ముందు వెయ్యాలి కదండీ. గీత ముందు, తెలుపు ఆఖర్న" అంది. తర్వాత గ్లాసు కింద పెట్టి, "ఆ కత్తి ఓసారి ఇస్తారా?" అంది.

ఇచ్చాను. నా గొయ్యి తవ్వమని గునపం చేతికిచ్చినట్టే ఇచ్చాను.

ఆవిడ కూర్చుని, కాగితం తనవైపు తిప్పుకుంటూ, కత్తి కదపకుండా ఫిల్మ్‌నే కదిపింది. పైపొర ఉల్లిపొరలా లేచి వచ్చింది. అడుగున గీత లేదు. మా పెళ్ళయి ఆరేళ్ళు. ఈ విద్య ఎక్కడిదని అడిగితే, మచిలీపట్నం దగ్గర వాళ్ళ నాన్న అద్దకం చీరలకి చెక్క అచ్చులు చెక్కేవాడని, పెద్ద ఉలితో ఆయన చెక్కి వదిలేస్తే సన్నగీతలన్నీ తనే తీసేదానినని చెప్పింది. మామగారు వడ్రంగం చేసేవారని మాత్రమే నాకు తెలుసు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"మీరెప్పుడు అడిగారు?" అంది, తల ఎత్తకుండా.

అక్కణ్ణుంచి గీతా, కోతా ఆవిడవి. రబ్బరు పలక లాగడం, స్క్రీన్లు కడగడం, అంచులు ఆకురాయితో అరగదీయడం నావి. రంగులు కూడా ఆవిడే కలిపేది. పాత ముక్క పక్కన పెట్టుకుని, పుల్లతో కలిపి, గోరు మీద చుక్క పెట్టుకుని కిటికీ దగ్గర చూసుకునేది. నా వంతుకి మిగిలిన మర్యాద ఒక్కటే. ట్రేసింగ్ అయ్యాక కోతకి ముందు తెచ్చి నా ముందు పెట్టి "ఏమండీ, ఓసారి చూడండి" అనేది. నేను కళ్ళజోడు సర్దుకుని, నీలం పెన్సిల్ తీసి, సున్నాలు చుట్టేవాణ్ణి. మొదటి పలకకి పదకొండు చుట్టాను. అందులో నాలుగు నిజంగా తప్పులు, మిగతావి నా పెద్దరికం. ఆవిడ పదకొండూ దిద్దింది.

తర్వాత తర్వాత అయిదయ్యాయి, రెండయ్యాయి. ఒక ఏడాదికి సున్నా చుట్టడానికి చోటు లేకుండా పోయింది. భూతద్దం పెట్టి వెతికినా దొరికేది కాదు. తప్పు లేదని చెప్పడానికి నోరు రాక, "ఊఁ, పర్లేదు" అనేవాణ్ణి. ఆ మాటకే ఆవిడ మొహం వెలిగేది. ఆ వెలుగు చూస్తే నాకు ఇంకా మండేది.

ముసలాయన పెట్టెల మీద మొదట్లో నా పేరు రాసేవాడు. తర్వాత మా ఇద్దరి పేర్లూ రాశాడు. ఆ తర్వాత 'ఆర్టిస్ట్‌కి' అని రాయడం మొదలుపెట్టాడు. మిషన్లు బాగుచేసుకునే అతని స్నేహితులకి నన్ను పరిచయం చేస్తూ "ఆర్టిస్ట్ గారి భర్త, కారు ఇతనే నడుపుతాడు" అన్నాడు. వాళ్ళు నవ్వుతూ చెయ్యి ఇచ్చారు. నేనూ నవ్వాను.

ఒక ఆదివారం వరంగల్ నుంచి వచ్చిన మిత్రుడొకడు భోజనానికొచ్చాడు. గరాజ్‌లో ఆరబెట్టిన పలకలు చూసి అక్కడే నిలబడిపోయాడు.

"గిదంతా వదిన కోసిందా? అన్నా, డ్రాఫ్ట్స్‌మన్‌వి నువ్వు గదా, మరి నువ్వేం జేస్తవ్?"

"చెక్ చేస్తాను."

"అంటే ఏం జెయ్యవన్నట్టు" అని పడీ పడీ నవ్వాడు. మా ఆవిడ గబుక్కున "ఆయన చూడందే ఒక్కటి కూడా అచ్చుకి వెళ్ళదు తమ్ముడూ" అంది. నన్ను వెనకేసుకొచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆ పూట గుత్తివంకాయ ఎంత బాగా కుదిరిందో, నేను పెరుగన్నంతోనే లేచిపోయాను.

ఇలా ఉండగా ముసలాయన అన్నిటికన్నా పెద్ద పని తెచ్చాడు. అదొక పాత మిషన్, బొమ్మలన్నీ జాతరవి. అందులో ముఖ్యమైన పలక మీద కొట్టు దగ్గర నిలబడ్డ పిల్ల ఒక నావికుడికి యాపిల్ ఇస్తూ ఉంటుంది. యాపిల్ కింద బల్బు. గుండు సరైన చోట తగిలితే యాపిల్ ఎర్రగా వెలుగుతుంది, ఆడేవాడికి ఇంకో గుండు బహుమతి. ఆ మిషన్లు ఉన్నవాళ్ళందరికీ అదే పలక విరిగింది. ముసలాయన వాళ్ళందరితో మాట్లాడాడు. ఊళ్ళో ఒక హాల్లో మిషన్లవాళ్ళంతా కూడే రోజు ఉంది, ఆ రోజుకి ముప్ఫై పలకలు కావాలన్నాడు. అవి నచ్చితే ఇక ఏడాదంతా వాళ్ళ పనే.

"అది కుదిరితే ఆ బెల్టు దగ్గర ఇంక నిలబడనండీ" అంది మా ఆవిడ. పొంగిన పాదాలు వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఫ్యాక్టరీలో చెప్పేస్తాను. ఆ హాల్లో ఒక్కసారి వాళ్ళకి నచ్చితే చాలు."

ఆవిడకి ఏం కావాలో అంత స్పష్టంగా నాకు తెలుసు. తెలియదని అబద్ధమాడే దారి కూడా లేదు.

ముసలాయన ఇచ్చిన పలక రెండు ముక్కలు. పిల్ల తలా టోపీ ఉన్న ముక్క ఒకటి, చెయ్యి చాపిన నావికుడు ఉన్న ముక్క ఒకటి. మధ్యలో ఉండాల్సిన ముక్క, అంటే చేతులూ యాపిలూ ఉన్న ముక్క, ఎప్పుడో పోయింది. దాని కోసం మిషన్ కొత్తగా వచ్చినప్పుడు వేసిన ప్రకటన కాగితం ఇచ్చాడు. అందులో పలక నా బొటనవేలి గోరంత కూడా లేదు. మా ఆవిడ దాన్ని చూసి ట్రేసింగ్ మీద మిగతా బొమ్మ గీసింది. శనివారం పొద్దున్న "ఏమండీ, ఓసారి చూడండి" అని నా ముందు పెట్టి, ఉప్మా చెయ్యడానికి వంటింట్లోకి వెళ్ళింది.

బొమ్మ అద్భుతంగా ఉంది. మొదటిసారి చూశాను, ఏం దొరకలేదు. రెండోసారి చూశాను, ఏం దొరకలేదు. మూడోసారి ప్రకటన కాగితం మీద భూతద్దం పెట్టి చూస్తే అప్పుడు దొరికింది. ప్రకటనలో పిల్ల యాపిల్‌ని ఎడమచేత్తో ఇస్తోంది. కుడిచెయ్యి నడుం మీద ఉంది. మా ఆవిడ గీసిన పిల్ల కుడిచేత్తో ఇస్తోంది, ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుంది. ఆవిడ మార్చాలని మార్చలేదు. ఎడమచేత్తో ఎవరైనా ఎవరికైనా పండు ఇస్తారన్న ఊహే ఆవిడకి రాదు. అంతెందుకు, రెండుసార్లు చూసి నాకూ తప్పనిపించలేదు. మన కళ్ళకి ఇచ్చే చెయ్యంటే కుడిచెయ్యే.

కానీ దాంతో బొమ్మ మారిపోయింది. కుడిచెయ్యి ఒంటికి అడ్డంగా రావడంతో యాపిల్ అంగుళం ఇవతలే ఆగింది. యాపిల్ ఉండాల్సిన చోటికి నడుం మీది ఎడమచేతి మోచెయ్యి వచ్చింది. బల్బు ఎక్కడుంటుందో మా ఆవిడకి తెలియదు, ఆవిడ ఆ మిషన్ చూడలేదు. నేను చూశాను. ముసలాయన బేస్‌మెంట్‌లో దాని ముందు నిలబడి, బల్బు వెలిగించి మరీ చూశాను.

నీలం పెన్సిల్‌తో ఆ చెయ్యి చుట్టూ సున్నా చుట్టాను. ఎంత సంబరంగా చుట్టానో చెప్పలేను. ఏడాది తర్వాత దొరికిన తప్పు. పిలుద్దామని నోరు తెరిచాను, అంతలో ఫోన్ మోగింది.

ముసలాయన. ఆర్టిస్ట్‌ని పిలవమన్నాడు. ఏమిటో నాతో చెప్పమన్నాను. "నీకు కాదులే, రంగుల సంగతి. ఆవిడకే చెప్పాలి" అన్నాడు. పిలిచాను. మా ఆవిడ గరిటె చేత్తోనే వచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడింది. పసుపులో చిటికెడు ఎరుపు కలిపితే ఆ పాత వన్నె వస్తుందని చెప్తోంది. అవతల ఆయన ఏదో అన్నాడు, ఆవిడ పకపకా నవ్వింది. నాతో మాట్లాడుతూ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడానికి ప్రయత్నించాను.

రబ్బరు తీసి సున్నా తుడిచేశాను.

ఫోన్ పెట్టేసి వచ్చి "ఎలా ఉందండీ?" అంది.

"బాగుంది."

"ఏం లేదా?"

"ఏం లేదు."

"పర్లేదు" అనే మనిషి "బాగుంది" అనేసరికి ఆవిడ ఒక క్షణం నమ్మలేదు. తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. ఆ రోజు ఉప్మాలో జీడిపప్పంతా నా ప్లేటులోనే పడింది. తిన్నాను. సిగ్గులేకుండా రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు అచ్చు పని. నల్లగీత, ఎరుపు, పసుపు, నీలం, ఒంటిరంగు, చివర తెలుపు. రబ్బరు పలక లాగేది నేనే. ముప్ఫై సార్లు ఆ కుడిచెయ్యి నా చేతుల మీదుగా అచ్చయింది. ముప్ఫై సార్లు ఆపి చెప్పవచ్చు. మొదటి పలకప్పుడు చెప్దామనుకున్నాను. పదోదానికి, ఇప్పుడు చెప్తే ముందెందుకు చెప్పలేదంటుంది అనుకున్నాను. ఇరవయ్యోదానికి ఏమీ అనుకోలేదు. చివరి పలక ఆరాక ఆవిడ వాటన్నిటినీ మధ్యలో పల్చటి కాగితాలు పెట్టి, చీరల మధ్య పెట్టినంత జాగ్రత్తగా పెట్టెలో సర్దింది.

హాల్‌కి వెళ్ళే రోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. మెరూన్ రంగు పట్టుచీర కట్టుకుంది. పిన్‌బాల్ మిషన్ల మధ్య పట్టుచీర ఏమిటని నేను గొణిగితే, "నాకిది పేరంటమే" అంది. హాల్లో మిషన్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, గంటలు, టకటకలు, సిగరెట్ పొగ. ముసలాయన తన జాతర మిషన్ మధ్యలో పెట్టించాడు. చుట్టూ పాతికమంది మగవాళ్ళు మూగారు. మా ఆవిడని ముందుకి రమ్మని, "వీటిని చేసిన ఆర్టిస్ట్ ఈవిడ" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆవిడ కొంగు భుజాల మీదికి లాక్కుని నావైపు చూసింది. నేను పెట్టె మూత చూస్తూ నిలబడ్డాను.

ముసలాయన పలక బిగించి, గాజు మూసి, గుండు వదిలాడు. మంచి ఆటగాడు, మూడో దెబ్బకి గుండు సరైన చోట తగిలింది. గంట మోగింది. పిల్ల మోచెయ్యి భగ్గున వెలిగింది. యాపిల్ చీకట్లో ఉండిపోయింది.

ఒకాయన "ఈ అమ్మాయి మోచెయ్యి కాలుతోంది, మంచినీళ్ళు పొయ్యండి" అన్నాడు. నవ్వులు లేచాయి. మరీ చెడ్డ నవ్వులేం కావు. ఒకరు ప్రకటన కాగితం తెచ్చి పక్కన పెట్టారు, ఇంకొకరు "అసలుదానిలా లేదు" అన్నారు. వాళ్ళకి అసలుదానిలా ఉండటమే కావాలి. ఒక్కొక్కరే వేరే మిషన్ల వైపు కదిలారు. పెట్టెలోంచి ఒక్క పలక కూడా ఎవరూ తియ్యలేదు. మా ఆవిడ వంగి ఆ మోచెయ్యినే చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

ముసలాయన ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. నావైపు తిరిగి, "నువ్వు ఈ మిషన్ చూశావు కదా? నువ్వు చెక్ చేస్తావనుకున్నాను" అన్నాడు.

"మిస్సయ్యాను" అన్నాను.

దారిలో కారులో ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు, "చిన్నప్పుడు ఎడమచెయ్యి చాపితే మా అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. బొమ్మలోకి కూడా రాలేదండీ ఆ చెయ్యి నాకు" అంది. "పోనీ, మీక్కూడా కనపడలేదంటే నేనొక్కదాన్నే తెలివితక్కువదాన్ని కాదన్నమాట" అని నవ్వడానికి చూసింది. నేను రోడ్డు చూస్తూ డ్రైవ్ చేశాను. తేలుకుట్టిన దొంగ నోరెత్తుతాడా.

ఇంటికొచ్చి, పట్టుచీర కూడా మార్చకుండా గరాజ్‌లోకి వెళ్ళింది. ఎడమచెయ్యితో మళ్ళీ గీస్తానని పాత ట్రేసింగ్ తీసి, కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. బయట ఎండ బాగా ఉంది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆవిడ వేలు కాగితం మీద ఒకచోట ఆగింది, ఆ చెయ్యి చుట్టూ నెమ్మదిగా గుండ్రంగా తిరిగింది. ట్రేసింగ్ కాగితం రబ్బరుతో రుద్దితే పలచబడుతుంది. వెలుగుకి పెడితే ఆ పలచనైన చోటు తెల్లగా కనపడుతుంది. రోజంతా కాగితాలతోనే బతికే నాకు అది తెలియాలి.

"ఇక్కడ చుట్టారు" అంది. "చుట్టి తుడిచారు."

అవునన్నాను. ఇంకేం మిగిలిందని దాచడానికి.

"ఎందుకండీ?"

అందరూ నిన్నే మెచ్చుకుంటుంటే ఓర్చుకోలేకపోయానని చెప్పాలి. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. "ఏమో" అన్నాను.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచి గెలవడానికి చూసేవాణ్ణి. ట్రేసింగ్‌ని కిటికీ మీంచి తీసి, చుట్టచుట్టి, దారం కట్టింది. "తప్పు చేస్తే మీరు చెప్తారన్న ధైర్యంతోనే కదండీ ఆ కత్తి పట్టుకున్నాను" అంది. అంతే. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, మర్నాటి డ్యూటీకి జడ వేసుకుంది.

నెల తిరిగేసరికి పలకలన్నీ మళ్ళీ తయారయ్యాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, పొంగిన కాళ్ళతోనే కూర్చుని అన్ని ఫిల్ములూ కొత్తగా కోసింది. ఈసారి యాపిల్ ఎడమచేతిలో ఉంది, బల్బు సరిగ్గా దాని కింద ఉంది. ముసలాయన తనే కారేసుకుని ఇంటింటికీ తిరిగి వాటిని వాళ్ళ మిషన్లకి బిగించి వచ్చాడు. పనులు రావడం మొదలైంది. ఉగాది వెళ్ళేసరికి ఆవిడ బిస్కెట్ ఫ్యాక్టరీ మానేసింది. అంటే నా కుళ్ళుబుద్ధి ఆవిణ్ణి ఆపలేకపోయింది. అందుకు సంతోషించానని రాద్దామని ఉంది. కానీ మొదటి వాక్యంలోనే నిజం చెప్పేశాను కాబట్టి ఇక్కడ అబద్ధం అతకదు.

నాతో ఆవిడ మాటలేం తగ్గలేదు. కాఫీ టైముకి కాఫీ, జ్వరమొస్తే తడిగుడ్డ, పెళ్ళిళ్ళకి పక్కపక్కన కుర్చీలు. స్క్రీన్లు కడగమంటే కడిగేవాణ్ణి, రంగు లాగమంటే లాగేవాణ్ణి. ట్రేసింగులు మాత్రం నా ముందుకి రాలేదు. నా కళ్ళజోడు తుడుచుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి. ఆవిడ నా పక్కనుంచే కాగితం తీసుకుని కోతబల్ల దగ్గరికి వెళ్ళిపోయేది. నీలం పెన్సిల్ డ్రాయర్‌లో అలాగే ఉండిపోయింది. అడిగితే చూపించేదేమో. ఏ మొహంతో అడగను?

కొన్నాళ్ళకి ఒక శనివారం మధ్యాహ్నం ముసలాయన గరాజ్‌కి వచ్చాడు. కొత్త మిషన్ పలకలేవో తెచ్చాడు. మా ఆవిడ ముగ్గురికీ కాఫీ కలిపి, మిగతా రెండూ నన్ను పట్టుకురమ్మని చెప్పి, తన కప్పు తీసుకుని ముందు వెళ్ళింది. నేను రెండు చేతుల్లో రెండు కప్పులు పట్టుకుని గరాజ్ గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు వినపడింది. బల్ల మీద ట్రేసింగ్ పరిచి, ముసలాయన ముందుకి జరిపి, తన ఇంగ్లీషులో అంటోంది.

"ప్లీజ్, వన్ టైమ్ యూ సీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. జేబులోంచి పెన్సిల్ తీశాడు. ఏదో ఒకచోట చిన్న సున్నా చుట్టాడు. ఆవిడ దగ్గరికి వంగి చూసి, తల ఊపి, అవునని ఒప్పుకుంది. ఆ సున్నా ఆయనది.

నేను లోపలికి వెళ్ళి ఆయనకి కాఫీ ఇచ్చాను. ఎడమచేత్తో ఇచ్చాను. కుడిచేతిలోనూ కప్పుంది కదా అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ కుడిచేతిలోది నా కప్పు. కావాలనే ఇచ్చాను. అంతకంటే పెద్ద తిట్టు నాకు ఇంగ్లీషులో రాదు. ఆయనకేం తెలుస్తుంది, థాంక్యూ అంటూ అందుకున్నాడు.

మా ఆవిడ చూసింది. నావైపు ఒక్కసారి, ఆ కప్పు వైపు ఒక్కసారి చూసింది. ఆయన చేతిలోంచి కప్పు తీసుకుని, బల్ల మీద పెట్టి, అంచున ఒలికిన చుక్క కొంగుతో తుడిచింది. తర్వాత కుడిచేత్తో తీసి ఆయనకి మళ్ళీ ఇచ్చింది.